‘అర్థమైందా?’ అని అడిగి ఊరుకోకండి: క్రీడా శిక్షకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడా శిక్షకులకు నమస్కారాలు.

మైదానంలో, ఈత కొలనులో, కుస్తీ బరిలో, జిమ్నాస్టిక్స్ చాపల మీద ప్రతిరోజూ పిల్లలకూ పెద్దలకూ ఆట నేర్పుతున్న మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. నేనూ మీలో ఒకరిని. చాలా ఏళ్లుగా ఈత నేర్పుతున్నాను. ఆట నేర్పడం గురించి మాట్లాడుకోవలసిన సంగతులు ఎన్నో ఉన్నా ఇక్కడ ఒక్కదాని గురించే విన్నవించుకుంటాను. మనం చెప్పిన పాఠాన్ని విద్యార్థి మరో విధంగా అర్థం చేసుకుని, మనం అనుకోని పని చేసినప్పుడు, మరుక్షణం మన నోటి నుంచి ఏ మాట వస్తోంది, ఏ మాట రావాలి అన్నదే ఆ సంగతి.

సాధారణంగా జరిగేది మనందరికీ తెలుసు. చెప్పిన మాటనే కొంచెం గొంతు పెంచి మళ్లీ చెబుతాం. అప్పటికీ కాకపోతే ఒక్కో అక్షరం విడదీసి చెబుతాం. మూడోసారికి విసుగు వస్తుంది, నాలుగోసారికి ‘ధ్యాస ఎక్కడుంది?’ అనేస్తాం. ఇన్నిసార్లలో ఒక్కసారైనా ఆ విద్యార్థి మన మాటను ఏమని విన్నాడో మనం తెలుసుకోలేదు. వినకపోవడం వల్ల తప్పు చేస్తున్నాడని అనుకున్నామే తప్ప, విన్నదాన్ని శ్రద్ధగా పాటించినందువల్లనే తప్పు వస్తోందేమో అన్న అనుమానం మనకు రాలేదు. మళ్లీ చెప్పే ముందు అతనికి ఏమని అర్థమైందో కనుక్కోండి అన్నదే మీకు నా విన్నపం.

నేను ఈత నేర్చుకునే రోజుల్లో నా కాళ్లు నీళ్లలో కిందికి జారిపోతుండేవి. మా శిక్షకుడు గట్టు మీద నడుస్తూ ‘తల దించు, తల దించు’ అనేవారు. ఆయన చెప్పింది సరైన మాటే. తల పైకెత్తి ముందుకు చూస్తూ ఈదితే తుంటి, కాళ్లు దిగిపోతాయి. తలను వెన్నుతో ఒకే వరుసలో ఉంచితే శరీరం నీటి మీద పరుచుకుంటుంది. అయితే తల దించడమంటే గడ్డాన్ని ఛాతీకి ఆనించడమని నేను అనుకున్నాను, అలాగే ఆనించాను. మెడ బిగుసుకుపోయేది. ఊపిరి కోసం తల ఎంత తిప్పినా నోరు నీటిలోంచి బయటికి వచ్చేది కాదు. ‘ఇంకా దించు’ అన్నారాయన. ఇంకా ఆనించాను. ఇలా వారాల తరబడి సాగి, నాకు చెప్పినా దండగేనని ఆయనా, ఈత నా వల్ల కాదని నేనూ నిర్ణయానికి వచ్చే దశలో, ఒకరోజు ఆయన బదులు మరొక శిక్షకురాలు వచ్చారు. ఆమె నన్ను రెండుసార్లు అటూ ఇటూ ఈదించి, గట్టు దగ్గర ఆపి, ‘నీళ్లలో నీకు ఏం కనిపిస్తోందమ్మా?’ అని అడిగారు. ‘నా పొట్ట, మోకాళ్లు’ అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ‘ఈసారి కొలను అడుగున ఉన్న నల్లగీతను చూస్తూ ఈదు, నీ ముఖం కింద నుంచి ఒక మూరెడు ముందున్న చోటును చూడు’ అన్నారు. ఆ ఈతలోనే మెడ వదులైంది, నోటికి గాలి అందింది.

ఆ ఇద్దరికీ తెలిసిన ఈత ఒక్కటే. మొదటివారికి నా కాళ్లు కనిపించాయి. రెండోవారు నా కళ్లకు ఏం కనిపిస్తోందో అడిగారు. పది మాటలు కూడా లేని ఆ ప్రశ్న నన్ను ఈతలో నిలబెట్టింది. అది అడగనందువల్ల ఆటకు దూరమైపోయినవారు ఎంతమంది ఉంటారోనని ఇప్పటికీ నాకు బెంగగా ఉంటుంది.

మాట దారి తప్పడానికి విద్యార్థి మందబుద్ధి కానక్కర్లేదు. మనం రోజూ వాడే మాటలే రెండేసి దారులు చూపిస్తాయి. ‘మెల్లగా కొట్టు’ అంటే నిదానంగా కొట్టమనా, సుతారంగా కొట్టమనా? చేతి వేగం తగ్గకుండా బంతిని సుతారంగా తాకమని మన ఉద్దేశం కావచ్చు, వినేవాడు చేతిని సగంలోనే ఆపేయవచ్చు. రాకెట్టు ‘గట్టిగా పట్టుకో’ అంటాం; జారకుండా పట్టుకోమని మన భావం, వేలి కణుపులు తెల్లబడేదాకా నొక్కిపట్టమని అతనికి అర్థం, దాంతో మణికట్టు నుంచి మోచేయి దాకా కొయ్యబారిపోతుంది. ‘ముందుకు వంగి పరుగెత్తు’ అన్న మాటలో, చీలమండల దగ్గర నుంచి శరీరమంతా ఒకే కర్రలా ఒరగాలన్న మన ఊహ ఎక్కడా లేదు. వంగమంటే ఎవరైనా నడుము దగ్గరే వంగుతారు. మనం విద్యార్థులకు ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తి చూపితే సగంమంది ఎడమచెయ్యి ఎత్తుతారు, అందులో వారి తప్పు ఏమీ లేదు. వారికి వీపు పెట్టి నిలబడి చూపితే ఆ చిక్కే ఉండదు.

నేర్పే స్థానంలోకి వచ్చాక ఈ పాఠం నాకు మరింత కటువుగా తెలిసివచ్చింది. కొత్తగా చేరిన ఒక బాబుకు ఎనిమిదేళ్లుంటాయి. నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి బిగపడుతున్నాడని గమనించి, ‘గాలి వదులు నాన్నా’ అన్నాను. ముఖం ముంచినవాడు మరుక్షణమే ఉక్కిరిబిక్కిరై పైకి లేచాడు. ‘వదలాలి, బిగపట్టకూడదు’ అన్నాను. మళ్లీ అదే జరిగింది. నేను గొంతు పెంచేసరికి వాడి కింది పెదవి వణకడం మొదలైంది. అప్పుడు మా శిక్షకురాలి ప్రశ్న గుర్తొచ్చి, కొలనులోకి దిగి వాడి ఎత్తుకు వంగి, ‘నేను గాలి వదలమన్నప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో నీళ్ల బయట ఒకసారి నాకు చేసి చూపించవా?’ అని అడిగాను. వాడు పుట్టినరోజు కొవ్వొత్తిని ఆర్పినట్టు లోపలున్న గాలినంతా ఒక్క ఊపున ‘ఉఫ్’ మని ఊదేశాడు. నేను చెప్పినట్టే చేశాడు. ఊపిరితిత్తులు ఒక్కసారిగా ఖాళీ అయితే మళ్లీ గాలి కావాలని శరీరం వెంటనే తహతహలాడుతుంది, పైగా తేలే గుణం కూడా తగ్గి మునుగుతాం. వాడు భయపడడంలో వింతేముంది? ముక్కులోంచి సన్నని దారంలా బుడగలు వచ్చేటట్టు వదలాలని నా మనసులో ఉన్నదే తప్ప నా మాటలో లేదు. ‘నేను సరిగ్గా చెప్పలేదు, నువ్వు నేను చెప్పినట్టే చేశావు. ఇప్పుడు బుడగల దారం చేద్దాం, తెగకుండా ఎంతసేపు వస్తుందో చూద్దాం’ అన్నాను. పక్కనున్న పిల్లలందరూ వినేలా అన్నాను, ఎందుకంటే నేను గొంతు పెంచినప్పుడు కూడా వాళ్లందరూ విన్నారు.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్నతో మనం తృప్తిపడిపోతున్నాం. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. అర్థంకానివాడు తోటివారి ముందు కాలేదని చెప్పలేడు. తప్పుగా అర్థమైనవాడికి అది తప్పని తెలియదు గనుక నిజాయితీగానే తల ఊపుతాడు. అందుచేత జవాబులో విషయం బయటపడే ప్రశ్నలు అడగండి. ‘నేను చెప్పినదాన్ని నీ స్నేహితుడికి నీ మాటల్లో చెప్పు’ అనండి. ‘ఇప్పుడు కొట్టినప్పుడు బరువు ఏ కాలి మీద ఉన్నట్టు తెలిసింది?’ అనండి. ‘ఎటు చూస్తున్నావు?’ అనండి. మాటల్లో చెప్పలేని చిన్నపిల్లల్ని నెమ్మదిగా చేసి చూపమనండి. జవాబు తప్పుగా వస్తే కోపం తెచ్చుకోకండి. ఆ తప్పు జవాబులోనే మీరు ఇప్పటిదాకా వెతుకుతున్న కారణం ఉంటుంది.

పొరపాట్లన్నీ అపార్థం వల్లనే జరుగుతాయని నేను అనడం లేదు. చెప్పింది అర్థమై కూడా శరీరం ఇంకా లొంగని దశ ఒకటి ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడడానికి నాకు అనుభవంలో ఒక గుర్తు దొరికింది. లొంగనివారి తప్పు ప్రతిసారీ మారుతుంది. ఒకసారి చెయ్యి ముందు పడుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది, అప్పుడప్పుడు సరిగ్గా కుదిరి వారే ఆశ్చర్యపోతారు. తప్పుగా అర్థం చేసుకున్నవారి తప్పు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తుంది, తడబాటు ఉండదు, పూర్తిచేశాక మెప్పు కోసం మన వైపు చూస్తారు. మొదటివారికి కావలసింది సమయం, సాధన, ఓపిక. రెండోవారి చేత అదే సాధన వందసార్లు చేయిస్తే అపార్థాన్ని వందసార్లు గట్టిపరిచినట్టే, తర్వాత దాన్ని వదిలించడం రెండింతల పని. సోమరి అని మనం ముద్రవేసే చాలామంది ఈ రెండో తరగతివారేనని నా గట్టి నమ్మకం.

మూడో రకం కూడా ఒకటుంది, అరుదైనదే అయినా విస్మరించరానిది. మనం చెప్పినది అర్థమై, తన శరీరానికి వేరే దారి బాగుందని కనుగొన్న విద్యార్థి. డిక్ ఫాస్‌బరీకి అప్పట్లో అందరూ నేర్పే పద్ధతిలో ఎత్తు దూకడం సరిపడక, కర్ర మీదుగా వెల్లకిలా దాటే పద్ధతిని తన కుర్రతనంలోనే తయారుచేసుకున్నాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 2.24 మీటర్లు దూకి స్వర్ణం గెలిచాడు, ఆ తర్వాత ఎత్తు దూకేవారి లోకమంతా ఆయన దారికే మళ్లింది. అందరూ ఫాస్‌బరీలు కారు. కానీ ‘ఇలా ఎందుకు చేస్తున్నావు?’ అని నిజంగా తెలుసుకోవాలని అడగని శిక్షకుడికి, తన ముందున్నది ఏ రకమో తెలిసే అవకాశమే లేదు.

ఒక్కోసారి విద్యార్థి మన పాఠాన్ని ఖచ్చితంగా అర్థం చేసుకుంటాడు, పాఠమే పొరపాటుది అవుతుంది. నా వృత్తిలోని ఉదాహరణే చెబుతాను. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఈత శిక్షకుడిగా ఉన్న జేమ్స్ కౌన్సిల్‌మన్ నీటి అడుగు నుంచి మేటి ఈతగాళ్లను చిత్రీకరించి, వారి చెయ్యి తిన్నగా వెనక్కి పోకుండా ‘ఎస్’ అక్షరంలా వంపు తిరుగుతోందని గమనించారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 7 స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే కనుక ఆ మాటకు ఎంత బరువుండేదో ఊహించవచ్చు. ఆ పరిశీలన ఎన్నో కొలనుల్లో ‘చేతిని ఎస్‌లా తిప్పు’ అన్న ఆజ్ఞగా మారింది. ఈదేటప్పుడు శరీరం పక్కలకు దొర్లుతుంది గనుక ఆ వంపులో కొంత భాగం దానంతటదే ఏర్పడుతుందని తర్వాతి పరిశోధకులు చూపారు. చేతిని పనిగట్టుకుని అటూ ఇటూ తిప్పినవారు చెప్పినదాన్ని అక్షరాలా పాటించినవారే. కౌన్సిల్‌మన్ నిత్య పరిశోధకుడు, ఆయన మీద నాకు గౌరవం తప్ప వేరే భావం లేదు. ఒక మేటి ఆటగాడిలో కంటికి కనిపించినది, నేర్చుకునేవాడు ప్రయత్నించి చేయవలసిన పని కాకపోవచ్చునన్నది మాత్రం ఆ చరిత్ర మనకు చెబుతోంది.

‘బంతి మీద నుంచి కన్ను తీయకు’ అన్న మాట కూడా అలాంటిదే. 2000లో మైఖేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే శాస్త్రవేత్తలు క్రికెట్ బ్యాటర్ల చూపును కెమెరాతో నమోదు చేసినప్పుడు, వారి కళ్లు బంతిని మొదటి నుంచి చివరి దాకా వెంబడించడం లేదని తేలింది. బౌలర్ చేతి నుంచి బంతి వెలువడే క్షణాన్ని చూసి, అది నేలను తాకబోయే చోటికి చూపు ముందే దూకి అక్కడ ఎదురుచూస్తోంది. నైపుణ్యం పెరిగేకొద్దీ చూపు అలా దూకడం మరింత త్వరగా జరుగుతోంది. మన మాటను అక్షరాలా పాటించడానికి ప్రయాసపడే బాలికను ‘నువ్వు బంతిని చూడడం లేదు’ అని మందలించే ముందు, ఎవరూ చేయలేని పనిని ఆమె చేత చేయించబోతున్నామేమో ఆలోచించాలి.

అపార్థం బయటపడ్డాక మాట మార్చి చెప్పాలి, అదే మాటను సాగదీయడం దండగ. మార్చేటప్పుడు శరీర భాగాల పేర్లు తగ్గించి, బయట కనిపించే వస్తువును గురిగా ఇవ్వడం ఎంతో మేలు చేస్తుంది. 1998లో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు మంచు మీద జారే స్కీయింగ్ ఆటను పోలిన ఒక యంత్రం మీద కొందరికి పాదాలతో బలం వేయడం మీద దృష్టి పెట్టమని, మరికొందరికి ఆ పాదాల కిందనున్న చక్రాల మీద బలం వేయడం మీద దృష్టి పెట్టమని చెప్పి చూశారు. రెండోవారు బాగా నేర్చుకున్నారు. పాదానికీ చక్రానికీ మధ్య ఎడం ఎంతో లేదు, మాటలో మాత్రమే తేడా. ‘తల దించు’ పోయి ‘నల్లగీత చూడు’ రావడం, ‘గాలి వదులు’ పోయి ‘బుడగల దారం’ రావడం అందువల్లనే పనిచేశాయని నాకు ఆ పరిశోధన గురించి తెలిశాక అర్థమైంది.

మార్చి చెప్పేది క్లుప్తంగా ఉండాలి. అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌లో 12 ఏళ్లలో 10 సార్లు జాతీయ విజేతలను తయారుచేసిన జాన్ వుడెన్ సాధన తరగతులను 1974-75 సీజన్‌లో రోనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దగ్గర కూర్చుని గమనించి, ఆయన మాటలనూ చేతలనూ కలిపి 2,326 లెక్కించారు. వాటిలో మెచ్చుకోళ్లు దాదాపు 7 శాతం, మందలింపులు కూడా దాదాపు అంతే. నాలుగింట మూడు వంతులు ఏం చేయాలో, ఎలా చేయాలో తెలిపే సమాచారమే. తప్పు కనిపించినప్పుడు ఆయన సరైన తీరును చూపి, ఆటగాడు చేసిన తీరును చూపి, మళ్లీ సరైన తీరుతో ముగించేవారు. అదంతా కొద్ది సెకన్లలో అయిపోయేది. తప్పును అనుకరించి చూపడంలో అవమానం దాగి ఉండే ప్రమాదం ఉంది. మనం నవ్వు పుట్టించడానికి చూపుతున్నామా, తేడా తెలియడానికి చూపుతున్నామా అన్నది పిల్లలు క్షణంలో పసిగడతారు. పదిమంది నవ్విన తర్వాత ఆ విద్యార్థి మన ముందు ఇంకెప్పుడూ సందేహం అడగడు. అపార్థానికి శిక్షగా మైదానం చుట్టూ పరుగెత్తించేవారికి కూడా ఇదే చెబుతున్నాను, ఆ పరుగుతో కాళ్లకు బలం రావచ్చునేమో గానీ సందేహం దాచుకోవడం అలవాటవుతుంది.

సరిచేశాక కాసేపు మౌనంగా ఉండడం కూడా మన పనిలో భాగమే. ప్రతి ప్రయత్నానికీ వెంటనే ఫలితం చెప్పించుకున్నవారి కంటే, సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవారు తర్వాతి రోజు పరీక్షలో మెరుగ్గా చేశారని వైన్‌స్టీన్, ష్మిట్ అనే పరిశోధకులు 1990లో చూపారు. మన మాట లేని ఆ ప్రయత్నాల్లోనే విద్యార్థి తన శరీరం చెప్పేది వినడం నేర్చుకుంటాడు.

ప్రాణం మీదికి వచ్చే చోట మాత్రం ఈ క్రమం తలకిందులవుతుంది. బల్లెం విసిరే చోట ఒక పిల్ల ముందుకు నడుస్తుంటే, బరువులెత్తే కుర్రవాడి వెన్ను గుండ్రంగా వంగిపోతుంటే, ‘నీకు ఏమని అర్థమైంది?’ అని అడుగుతూ నిలబడకూడదు. ముందు ఆపాలి, ప్రశ్న తర్వాత. అటువంటి క్రీడల్లో అపార్థానికి తావులేని భాషను ముందే కట్టుకున్నారు. విలువిద్య పోటీల్లో ప్రమాదం ఎదురైతే కనీసం 5 సార్లు వరుసగా శబ్ద సంకేతం ఇస్తారు, వెంటనే అందరూ బాణాలు దించాలి. సముద్రంలో స్కూబా డైవింగ్ నేర్చుకునే కొత్తవారు బొటనవేలు పైకెత్తి చూపి ‘బాగున్నాను’ అని చెప్పబోతారు, నీటి అడుగున దాని అర్థం ‘పైకి వెళదాం’ అని. అందుకే అక్కడ నీళ్లలోకి దిగకముందే సంకేతాలన్నీ సరిచూసుకుంటారు, అడుగున ఒకరు చూపిన సంకేతాన్ని రెండోవారు తిరిగి చూపి అందిందని తెలుపుతారు. ప్రాణభయం ఉన్నచోట విన్నవాడి చేత తిరిగి చెప్పించుకోవడం ఇంత సహజమైనప్పుడు, మిగిలిన ఆటల్లో దాన్ని మనం ఎందుకు వదిలేశామో నాకు తెలియడం లేదు.

ఒక కోరిక ప్రత్యేకంగా పెద్దలకు, అంటే శిక్షకులకు శిక్షణ ఇచ్చే సంస్థలకూ, వారికి ధృవపత్రాలు ఇచ్చే సమాఖ్యలకూ. మీరు పెట్టే పరీక్షల్లో అభ్యర్థి ఆట నియమాలు చెప్పగలడా, మెళకువలు చేసి చూపగలడా అని చూస్తారు. దానితోపాటు, ఆ మెళకువను తప్పుగా అర్థం చేసుకున్న ఒక విద్యార్థిని అతని ముందు నిలబెట్టి, అతని నుంచి వచ్చే మొదటి వాక్యం ప్రశ్నో ఆజ్ఞో కూడా నమోదు చేయండి. దానికి ఖర్చేమీ కాదు.

తోటి శిక్షకులను అడిగేది ఇంకా చిన్నది. రాబోయే తరగతుల్లో ఏదో ఒకదాన్ని, విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ముందుగా చెప్పి, మీ ఫోన్‌లో మీ గొంతు వరకే రికార్డు చేసుకోండి. ఆ రాత్రి ఒంటరిగా వినండి. ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు చెప్పారో, ‘అర్థమైందా?’ అని ఎన్నిసార్లు అన్నారో, జవాబు కోసం నిజంగా ఆగిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. నేను మొదటిసారి విన్నప్పుడు, గంట సేపటి తరగతిలో మూడో రకం గీతలు రెండే పడ్డాయి. ఆ కాగితం ఇప్పటికీ నా ఈత సంచిలో ఉంది.

ఇట్లు,
ఈత నేర్పే మీ తోటి శిక్షకురాలు